సందేశపు జాప్యమును, ఉజ్జీని కూర్చుటయు

మన విద్యార్థులలో పలువురు సెలవుదినములందు కంప్యూటరుపై యుద్ధతంత్రపు ఆటల నాడుచుందురు. ఓడినవాడు "లాగ్ వచ్చినది" అనును. గెలిచినవాడు నవ్వును. పెద్దలు అది వట్టి సాకని తలంతురు. వీరిలో నెవరి మాట నిజమో తేల్చుటకు ఆ ఆటల లోపలి పని కొంత తెలిసియుండవలెను. అందుకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

చదరంగమునందు ఒకని యెత్తు ముగిసిన పిదపనే రెండవవాడు ఎత్తు వేయును. ఈ ఆటలలో నట్లు కాదు. అందరును ఏకకాలముననే తమ సేనలకు ఆజ్ఞల నిచ్చుచుందురు. ఒకడు హైదరాబాదునందును, వేరొకడు అమెరికాలోని డాలస్ నగరమందును కూర్చుండియుండవచ్చును. ఒకని యాజ్ఞ మరియొకనికి చేరుటకు కాలము పట్టును గదా! గాజుతీగలో కాంతి సెకండునకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోవును. హైదరాబాదునకును డాలసునకును నడుమ దూరము సుమారు 14,000 కిలోమీటర్లు. కావున సందేశము పోయి వచ్చుటకు 140 మిల్లీసెకండ్లకు తక్కువ పట్టదు. మిల్లీసెకండనగా సెకండులో వెయ్యవ వంతు. తీగలు తిన్నగా పోవు. తీరములను చుట్టుకొని సముద్రగర్భమున పోవును. నడుమ యంత్రములయొద్ద సందేశములు తమ వంతునకై వేచియుండును. నిజముగా పట్టు కాలము ఇంకను అధికము. ఎంత ధనము వెచ్చించినను కాంతివేగపు హద్దును దాటుట యెవరితరమును కాదు.

డాలసు పేరు ఊరక చెప్పలేదు. 1997వ సంవత్సరమున వెలువడిన "ఏజ్ ఆఫ్ ఎంపైర్స్" అను ఆటను నిర్మించిన ఎన్‌సెంబుల్ స్టూడియోస్ వారు ఆ నగరమువారే. ఎనమండుగురు కలిసి ఆడవలెను, వేలకొలది సైనికులు కదలవలెను. కాని నాటి టెలిఫోను మోడెము సెకండునకు 28.8 కిలోబిట్లు మాత్రమే మోయగలదు. ప్రతి సైనికుని స్థానమును, ముఖము త్రిప్పిన దిక్కును, గాయమును పంపినచో 250 మందికి మించి కదలింప వీలులేదని వారు లెక్క కట్టిరి. అంతట వారు వేరొక యుపాయమును అవలంబించిరి. సైనికుల సంగతి పంపరు. ఆటగాని యాజ్ఞను మాత్రమే పంపుదురు. ప్రతి కంప్యూటరును యుద్ధమునంతటిని తనంతట తానే నడుపుకొనును. ఆజ్ఞలొక్కటియే యైనచో ఫలితములును ఒక్కటియే కావలెను.

అయితే అందరును ఆ యాజ్ఞను ఒకే క్షణమున అమలుపరచవలెను. అందుకై కాలమును సాధారణముగా 200 మిల్లీసెకండ్ల చొప్పున వంతులుగా విభజించిరి. 1000వ వంతున ఇచ్చిన యాజ్ఞ 1002వ వంతున గాని అమలు కాదు. ఆ నడిమి కాలములో ఆజ్ఞ అందరికిని చేరును. ఎవని తీగయైనను, యంత్రమైనను మందముగా నున్నచో వంతుల నిడివి పెరుగును. అనగా కాడికి కట్టిన యెడ్లవలె అందరును నెమ్మదియైన దాని నడకతోనే నడువవలెను.

ఈ పద్ధతిలో నొక గండము కలదు. రెండు కంప్యూటర్ల లెక్కలలో రవ్వంత భేదమున్నను చాలును. పటము ఏర్పడినప్పుడు ఒక జింక వెంట్రుకవాసి ప్రక్కకు నిలిచినచో, అది మేయు దారి వేరగును. కొన్ని నిమిషములకు దానిని వేటాడు పల్లెవాని యీటె ఒక యంత్రమున తగులును, ఇంకొక యంత్రమున తప్పును. అటుపిమ్మట రెండు యుద్ధములును వేర్వేరు. ఇట్టి తప్పుల వెదకుట తమకెంత కష్టమైనదో ఆ నిర్మాతలు 2001వ సంవత్సరమున ప్రకటించిన వ్యాసమున వివరించిరి. మాకు ఆ జింక సంగతియే మిక్కిలి వింతగా తోచినది.

అదే వ్యాసమున మన వాదమునకు పనికివచ్చు మాట యొకటి కలదు. ఆజ్ఞకు 250 మిల్లీసెకండ్ల ఆలస్యమైనను ఆటగాండ్రు గమనింపరైరి. 500 వరకును సహించిరి. ఒకమారు త్వరగా, మరొకమారు ఆలస్యముగా జరిగినప్పుడే విసిగిరి. మనుష్యుని చేయి నిలుకడయైన జాప్యమునకు అలవాటుపడును. ఊగిసలాడు జాప్యమునకు అలవాటుపడజాలదు. కావున తెరపై చూపు "పింగ్" అంకె 150 యొద్ద కదలక నిలిచినచో ఓటమికి కారణమును వేరుచోట వెదకవలెను. అది 40 నుండి 400కు గంతులు వేయుచున్నచో బాలుని మాట నిజమే. ఇంటిలో నింకొకరు సినిమా చూచుచుండుటయు, యంత్రము వై-ఫై పెట్టెకు దూరముగా నుండుటయు దీనికి సామాన్యమైన కారణములు. తీగను కలిపిన తరచుగా కుదురుకొనును.

ఇక ఉజ్జీని కూర్చుట. కుస్తీలో తగిన ఉజ్జీ లేనిదే చూచువారికిని రుచింపదు. ఈ యాటలు పెక్కింట వాడు లెక్కకు మూలము చదరంగమే. హంగరీలో జన్మించి అమెరికాలో భౌతికశాస్త్రాచార్యులైన అర్పద్ ఎలో గారి పద్ధతిని 1960లో అమెరికా చదరంగసంఘమువారును, 1970లో అంతర్జాతీయ సంఘమువారును స్వీకరించిరి. గుడివాడలో జన్మించి 2002లో గ్రాండ్‌మాస్టరైన కోనేరు హంపి గారి బలమును కొలుచునదియు ఈ యంకెయే. ఇద్దరి నడుమ 200 అంకెల భేదమున్నచో బలవంతుడు నూటికి 76 పాళ్లు పొందునని అంచనా. ఒక్కొక్క ఆటకు 32 హెచ్చుమొత్తముగా పెట్టినచో అతడు గెలిచిన 8 మాత్రమే లభించును, ఓడిన 24 పోవును. కావున బలహీనులను కొట్టి పెద్దయగుట కుదరదు.

చిక్కంతయు ఈ రెండును కలియుచోట నున్నది. సమానబలుడు దూరదేశమున నుండును. దగ్గరివాడు పసివాడో, ఘనుడో యగును. వేచియుండుటకు ఎవరికిని ఓపిక లేదు. బలమున సామ్యము, దూరమున సామీప్యము, త్వరగా ఆట దొరకుట అను మూడింటిని పూర్తిగా నొసగుట ఆడువారు కొద్దిమంది యైనప్పుడు అసాధ్యము. అందుచే పెక్కు ఆటలు మొదట సమీపమున సమానుని వెదకి, క్షణములు గడచినకొలది బలమునందును దూరమునందును హద్దులను సడలించుచుండును. వేలమంది ఆడు సాయంసమయమున సామాన్యునికి వెంటనే జోడు దొరకును. అర్ధరాత్రివేళ మిక్కిలి నిపుణుడైనవాడే అందరికన్న ఎక్కువసేపు వేచియుండును. ఏలయనగా అతనికి ఉజ్జీలు పగటివేళనే కొద్దిమంది.