మీకు తెలుసా? ఎండెక్కితే టైరులో ఒత్తిడీ ఎక్కుతుంది!

రోహిణి కార్తెలో తెల్లవారుజామునే తెనాలిలో కారు టైర్లకు 32 పీఎస్ఐ గాలి కొట్టించారనుకోండి. వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె వెళ్లి, పని చూసుకుని, మిట్టమధ్యాహ్నం బాపట్ల చేరాక గేజి పెడితే 36 దాటి చూపించవచ్చు. దారిలో ఎవరూ గాలి నింపలేదు. ఉన్న గాలే వేడెక్కింది.

లెక్క ఇదీ: టైరు ఘనపరిమాణం దాదాపు మారదు. అప్పుడు లోపలి వాయువు పీడనం కెల్విన్లలో కొలిచే ఉష్ణోగ్రతకు తగ్గట్టు పెరుగుతుంది. ఉదయం 27 డిగ్రీల సెల్సియస్ అంటే 300 కెల్విన్లు. ఎండ, పరుగు కలిసి లోపలి గాలిని 57 డిగ్రీలకు చేరిస్తే 330. అంటే పదో వంతు పెరుగుదల. గేజి చూపని వాతావరణ పీడనం 14.7 కూడా కలిపితే ఉదయం మొత్తం 46.7, మధ్యాహ్నం 51.4. అందులోంచి 14.7 తీసేస్తే గేజి మీద కనిపించేది 36.7.

ఎవరు గమనించారు? 1700 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో గియోమ్ అమోంతోఁ. పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఈ సూత్రం ఎక్కువగా గే-లుసాక్ పేరుతో ఉంటుంది.

నైట్రోజన్ నింపిస్తే? దానికీ ఇదే సూత్రం.

వంటగ్యాస్ సిలిండర్‌కు? ఈ లెక్క చాలదు. లోపల ద్రవం ఉంటుంది. వేడికి మరింత ఆవిరై పీడనం ఇంకా వేగంగా పెరుగుతుంది. అందుకే దాన్ని ఎండలో ఉంచకూడదు.

గుర్తుంచుకోండి: టైరు వేడి మీదున్నప్పుడు రీడింగ్ ఎక్కువగా ఉందని గాలి తీయకండి. చల్లారాక ఒత్తిడి ఉండాల్సిన దానికన్నా తగ్గిపోతుంది. గాలి చూపించుకోవడానికి బండి తీయకముందు, పొద్దున్నే మంచి సమయం.