దసరాకు సర్దిన ఇల్లు.. దీపావళికే మళ్లీ నిండిపోతోందా? పది నిమిషాలు చాలు!

నల్గొండ అయినా, మహబూబ్‌నగర్ అయినా దసరా వస్తోందంటే ఇల్లంతా దులిపి, సజ్జ మీది సామానంతా దించేస్తాం. అసలు తిప్పలు ఆ తర్వాతే! పగిలిన బకెట్, ఖాళీ పెయింట్ డబ్బా.. 'ఎప్పటికైనా పనికొస్తది' అంటూ డాబా మీదికి చేరతాయి. వానొస్తే వాటి నిండా నీళ్లే. డెంగీని మోసే ఏడిస్ దోమ అక్కడ గుడ్లు పెడితే వారం, పది రోజుల్లో కొత్త దోమలు రెడీ.

అందుకే 2020 మేలో అప్పటి మున్సిపల్ మంత్రి కేటీఆర్ 'ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు' మొదలుపెట్టారు. కూలర్లు, పూలకుండీల్లో నిలిచిన నీళ్లు పారబోయడమే పని. అదే టైమ్‌లో వారంలో పోగైన సామాను కూడా తీసేయండి. కొత్త బకెట్ కొన్న రోజే పాతది పాత సామాన్ల బండికి వేసేయండి. ఉంచుకునే డబ్బాలను మాత్రం రుద్ది కడిగాకే బోర్లించాలి. ఎందుకంటే ఏడిస్ గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి.