పన్ను పోయినా పోని నొప్పి

సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) కార్ఖానాలో పక్కవాడితో మాట్లాడాలంటే గొంతు చించుకోవాల్సిందే. ట్రైజెమినల్ న్యూరాల్జియా అనే ముఖ నరం నొప్పి ఉన్నవాళ్లకు ఆ అరుపే శిక్ష. ముఖం మీది స్పర్శను మెదడుకు చేరవేసే నరాన్ని, చాలామందిలో, ఓ రక్తనాళం ఒరుసుకుని పైపొరను దెబ్బతీస్తుంది. ఇక నమిలినా, మొహం కడుక్కున్నా, చెంపకు ఫ్యాను గాలి తగిలినా కరెంటు షాకే. ఒక్కోసారి కొన్ని సెకన్లే. కానీ రోజుకెన్నిసార్లో లెక్కుండదు. 50 దాటినవారిలో, అందులోనూ ఆడవాళ్లలో ఎక్కువ. సల్మాన్ ఖాన్ తనకుందని చెప్పాక పేరు కొంత తెలిసింది గానీ, గుర్తుపట్టడం ఇంకా ఆలస్యమే.

ప్రాణం తీసే జబ్బు కాదంటారు. నిజమే, కానీ ముందు పళ్లు పోతాయి. నొప్పి దవడలో కాబట్టి జగిత్యాలైనా కోరుట్లైనా చాలామంది మొదట పోయేది పళ్ల డాక్టరు దగ్గరికే. మంచి పన్ను పీకించుకున్నా నొప్పి తగ్గదు, అనుమానం పక్క పన్ను మీద పడుతుంది. బ్రష్ పెట్టడానికి భయపడితే చిగుళ్లు నిజంగానే చెడతాయి. అప్పుడు ఏ నొప్పి దేనిదో తేల్చడం డాక్టరుకూ కష్టం. జావతో, మజ్జిగతో సరిపెట్టుకుంటే మనిషి చిక్కిపోతాడు. నలుగురూ కూర్చుని ముచ్చట్లాడుతూ బీడీలు చుట్టే చోట ఒకామె నోరు మెదపకపోతే గర్వమనుకుంటారు. దిగులు అలా ముదురుతుంది. చచ్చిపోతే బాగుండునన్న మాట ఇంట్లో వినబడితే తేలిగ్గా కొట్టిపారేయొద్దు, డాక్టరుకు చెప్పాలి.

ఈ నొప్పికి కార్బమజెపైన్ పనిచేస్తుందని 1962లో తేలింది. ఇప్పటికీ మొదటి మందు అదే. మత్తు, తూలు దాని గుణం. నడుస్తున్న సాంచా పక్కన నిలబడేవాడికి అది చిన్న విషయం కాదు. ఈ మందు వల్ల రక్తంలో సోడియం పడిపోతే పెద్దవాళ్లు తికమకపడతారు, బీపీకి మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు వేసుకునేవాళ్లకు ఆ ముప్పు మరీ ఎక్కువ. గర్భం రాకుండా వాడే మాత్రల బలాన్నీ తగ్గిస్తుంది. ఒంటిమీద దద్దుర్లు, నోట్లో పుండ్లు కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. మిగతా సందర్భాల్లో సొంతంగా ఒక్కసారిగా మానొద్దు. గల్ఫ్ ప్రయాణంలో ఉన్నవాళ్లు ఈ మందుకు డాక్టరు రాసిచ్చిన చీటీ వెంట ఉంచుకోవడం మంచిది.

మందు పట్టకపోతే నరానికీ రక్తనాళానికీ మధ్య మెత్త పెట్టే ఆపరేషన్ ఉంది. సూదితో నరాన్ని మొద్దుబార్చే పద్ధతీ ఉంది. అందులో ఒక్కోసారి కంటి స్పర్శ కూడా పోతుంది. అప్పుడు నలక పడినా తెలియదు, కాబట్టి రోజూ అద్దంలో కన్ను చూసుకోవాలి.