శవపేటికలో చిట్టి బొమ్మ!

బొమ్మంటే బూరె బుగ్గలూ చక్రాల్లాంటి కళ్లూ ఉండాలి. ఈ బొమ్మకి మాత్రం ముఖం పాలిపోయి ఉంటుంది, కళ్ల చుట్టూ నల్లటి వలయాలు. ఎత్తు పది అంగుళాలే. అమ్మేది శవపేటిక ఆకారంలో ఉన్న పెట్టెలో. బొమ్మతో పాటు ఓ కాగితం కూడా ఉంటుంది... మరణ ధ్రువీకరణ పత్రం! అక్టోబరు 31న హాలోవీన్ జరుపుకునే అమెరికాలో పుట్టిన ఈ బొమ్మల పేరు 'లివింగ్ డెడ్ డాల్స్'. మన ఇంట్లోకి ఇలాంటిది తెస్తే అమ్మమ్మ గుమ్మం దాటనిస్తుందా?

ఎడ్ లాంగ్, డేమియన్ గ్లోనెక్ అనే ఇద్దరు మిత్రులు 1998లో వీటిని చేత్తో తయారుచేసి, హారర్ అభిమానుల సమావేశాల్లో అమ్మేవారు. న్యూయార్క్‌కి చెందిన మెజ్కో టాయ్స్ 2000లో మొదటి వరుసను మార్కెట్లోకి తెచ్చింది. సేడీ, పోసీ, సిన్, డేమియన్, కుందేలు వేషంలో ఉండే ఎగ్జార్సిస్ట్... మొత్తం ఐదు. తర్వాత హాలోవీన్ వేషాలు వేసుకున్నవీ వచ్చాయి.

పేరుకి బొమ్మలే కానీ చిన్నపిల్లల కోసం కాదు. కొనేవాళ్లు సేకరణ పిచ్చి ఉన్న పెద్దవాళ్లు. పెట్టె తెరవకుండా దాచిన బొమ్మకే గిరాకీ ఎక్కువ. అసలు భయపెట్టేది ప్లాస్టిక్ ముఖం కాదు, ఆ కాగితమే. ఎప్పుడు పోయిందో తేదీ, ఎలా పోయిందో చిన్న పద్యం. ఓ మనిషి బతికి, చచ్చిపోయిందన్న నమ్మకం కలిగించడానికి అంత చాలు.

కథ కల్పితమైనంత వరకూ సరదాయే. కానీ ఈ వరుసలో లిజీ బోర్డెన్ బొమ్మ కూడా ఉంది. ఆమె నిజంగా బతికిన మనిషి. 1892 ఆగస్టు 4న మసాచుసెట్స్‌లోని ఫాల్ రివర్‌లో ఆమె తండ్రినీ సవతి తల్లినీ ఎవరో గొడ్డలితో నరికి చంపారు. నేరం లిజీ మీద పడింది. మర్నాటి ఏడు జూన్‌లో జ్యూరీ ఆమెను నిర్దోషిగా వదిలేసింది. అయినా పిల్లలు పాడుకునే పాటలో హంతకురాలు ఆమే! సేడీ మీద ఏం రాసినా బాధపడేవారు లేరు. కోర్టు వదిలేసిన మనిషిని దెయ్యం బొమ్మల మధ్య నిలబెట్టడం మాత్రం అంత తేలిగ్గా మింగుడుపడదు. తీర్పు తర్వాత కూడా లిజీ ఊరు విడిచిపోలేదు. అనుమానంగా చూసే ఇరుగుపొరుగు మధ్యే, 1927లో కన్నుమూసే దాకా ఫాల్ రివర్‌లోనే ఉండిపోయింది.