గిటారు కొనేముందు తీగ సంగతి

పిస్కాటవే (న్యూజెర్సీ): ఇక్కడి అపార్ట్‌మెంట్లలో మనవాళ్ల ఇళ్లకు భోజనానికి వెళితే తరచూ రెండు వస్తువులు కనిపిస్తాయి. ఒకటి ఇండియా నుంచి మోసుకొచ్చిన ప్రెషర్ కుక్కర్. రెండోది మంచం కిందో, తలుపు వెనకో సంచీలోంచి తీయకుండా ఉంచిన ఎలక్ట్రిక్ గిటారు. కుక్కర్ రోజూ కూత పెడుతుంది. గిటారు మాత్రం కొన్న రెండు నెలలకే మూగబోతుంది.

ఎందుకండీ అంటే "టైము లేదు" అంటారు. ఆఫీసు, రాత్రి పది దాటాక హైదరాబాద్ టీముతో కాల్స్, శనివారం పటేల్ షాపు, ఆదివారం బట్టలు. టైము లేని మాట నిజమే. కానీ కాస్త కదిపితే అసలు సంగతి బయటపడుతుంది. "వేళ్లు మండిపోయాయండీ" అని ఒకరంటారు. "తీగ వాయిస్తే ఇంగ్లీషు పాటలా ఉంది గానీ మన పాటలా లేదు" అని ఇంకొకరు. ఈ రెండో మాట మమ్మల్ని ఆలోచనలో పడేసింది. మన పాటలో స్వరం ఒకచోట నిలబడదు. ఊగుతుంది, జారుతుంది, పక్క స్వరాన్ని తాకి వస్తుంది. ఆ ఊపు రానప్పుడు పాపం వాయించేవాళ్లు తమకే చేత కాలేదనుకుంటారు. చాలాసార్లు లోపం తీగలో ఉంటుంది. ఏడెనిమిది డాలర్లు పెడితే తీరిపోయే లోపం అది.

పాలకొల్లు కుర్రాడు ఏం చేశాడు?

కరెంటు వాద్యం మీద మన సంగీతం పలుకుతుందా అన్న ప్రశ్నకు జవాబు కోసం అమెరికాలో వెతకనక్కర్లేదు. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆ ప్రశ్నను ఎప్పుడో తేల్చేశారు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఉత్సవంలో తొలి కచేరీ చేసేనాటికి ఆయనకు తొమ్మిదేళ్లు. చేతిలో ఉన్నది మాండలిన్, అదీ పరాయి వాద్యమే. మామూలు మాండలిన్‌కు ఎనిమిది తీగలుంటాయి, రెండేసి జంటలుగా నాలుగు వరసలు. రెండు తీగల్ని ఒకే వేలితో ఒకే తీరుగా లాగి గమకం పలికించడం ఎంత కష్టమో లాగి చూసినవాళ్లకే తెలుస్తుంది. పైగా మీటిన స్వరం గమకం పూర్తయ్యేలోపే ఆరిపోతుంది.

శ్రీనివాస్ జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నారు. తీగ ఒంటిది కాబట్టి లాగితే వచ్చింది. కరెంటు సాయం ఉంది కాబట్టి స్వరం నిలిచింది. 1998లో పద్మశ్రీ అందుకుని, 2014లో కన్నుమూసేదాకా ప్రపంచమంతా తిరిగి కచేరీలు చేశారు. మన సినిమా సంగీత దర్శకుడు దేవిశ్రీ ప్రసాద్ ఆయన శిష్యుడే. గిటారు మీద కూడా ఈ పని జరిగింది. చెన్నైలో సుకుమార్ ప్రసాద్, ఆ తర్వాత ప్రసన్న ఎలక్ట్రిక్ గిటారు మీదే కృతులు వాయించారు.

మూడు గిటార్లు, ఒక గది

ఇక కొనుగోలు సంగతికి వద్దాం. బజారులో వందల మోడళ్లున్నా, కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతికి వచ్చేవి ముఖ్యంగా మూడు తరహాలు: ఫెండర్ స్ట్రాటోక్యాస్టర్ తరహా (చవకలో స్క్వయర్), గిబ్సన్ లెస్‌పాల్ తరహా (చవకలో ఎపిఫోన్), రెండింటి మధ్యలో యమహా పసిఫికా. ఈ మూడింటినీ ఒకే గదిలో, ఒకే ఆంప్లిఫయర్‌కు తగిలించి, ఒకే పాత ఘంటసాల పాటను వాయించి చూశాం. రంగు, మెరుపు పక్కన పెట్టి మన పాటకు పనికొచ్చే తేడాలు మాత్రమే చెబుతాం.

మొదటి తేడా తీగ పొడవు. 1954లో వచ్చిన స్ట్రాటోక్యాస్టర్‌లో మీటే తీగ పొడవు ఇరవై ఐదున్నర అంగుళాలు. 1952 నాటి లెస్‌పాల్‌లో ఇరవై నాలుగూ ముప్పావు. ముప్పావు అంగుళమే కదా అనుకోకండి. ఒకే తీగను, ఒకే శ్రుతిలో పొట్టి గిటారుకు కడితే బిగువు దాదాపు ఆరు శాతం తగ్గుతుంది. వేలికి ఆ తేడా తెలుస్తుంది.

రెండోది మీట. స్ట్రాటోక్యాస్టర్‌లో బ్రిడ్జి వెనక స్ప్రింగుల మీద తేలుతూ ఉంటుంది. ఒక తీగను పక్కకు లాగితే బ్రిడ్జి కాస్త ముందుకు వంగుతుంది. దాంతో మిగతా ఐదు తీగలూ శ్రుతి దిగుతాయి. రాక్ పాటలో ఎవరూ పట్టించుకోరేమో గానీ, కింద షడ్జమం మోగిస్తూ పైన గమకం పలికించాలనుకుంటే ఇది ప్రాణం తీస్తుంది. ఆధారమే కదిలిపోతే ఇక రాగమెక్కడ? దీనికి మందుంది. వెనక మూత తీసి స్ప్రింగులు బిగిస్తే బ్రిడ్జి చెక్కకు అతుక్కుంటుంది. లెస్‌పాల్‌లో ఈ బాధే లేదు, బ్రిడ్జి కదలదు.

మూడోది పలక వంపు. వీణలాగే గిటారుకూ మెట్లుంటాయి, వాటినే ఫ్రెట్లంటారు. ఆ మెట్లున్న పలక చదునుగా ఉండదు, కాస్త గుండ్రం. పాత స్ట్రాటోక్యాస్టర్లలో గుండ్రం ఎక్కువ, గిబ్సన్‌లలో తక్కువ. గుండ్రం ఎక్కువైనకొద్దీ, కింది మెట్ల దగ్గర తీగను బాగా లాగినప్పుడు అది పక్క మెట్టుకు తగిలి గొంతు పట్టేస్తుంది. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కొంటే ఇది తెలియదు.

ఇక గుర్రు. స్ట్రాటోక్యాస్టర్ పికప్‌లో ఒకటే కాయిల్. ఇంటి కరెంటులోని 60 హెర్ట్జ్ శబ్దాన్ని అది ఇట్టే పట్టేసుకుంటుంది (ఇండియాలో 50). రౌటరు, లాప్‌టాప్, డిమ్మర్ లైటు అన్నీ ఒకే గదిలో ఉండే మన అపార్ట్‌మెంట్లలో అది చెవిలో జోరీగే. 1955లో గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ రెండు కాయిళ్లను ఎదురెదురుగా చుట్టి, ఒకదాని గుర్రును రెండోది కొట్టేసేలా చేశాడు. దాన్నే హంబకర్ అంటారు. పసిఫికాలో చాలావాటికి బ్రిడ్జి దగ్గర హంబకర్, మిగతా రెండూ ఒంటి కాయిళ్లు. అందుకే దాన్ని మధ్యలోది అన్నాం.

అన్నట్టు, లెస్‌పాల్ అనేది మనిషి పేరు కూడా. పిస్కాటవే నుంచి ఉత్తరంగా గంట ప్రయాణంలో ఉన్న మావా ఊళ్లో దశాబ్దాలపాటు ఉన్నాడాయన. తొంభై దాటాక కూడా ప్రతి సోమవారం న్యూయార్క్ వెళ్లి క్లబ్బులో వాయించేవాడు. 2009లో పోయాడు. మావా మ్యూజియంలో ఆయన వస్తువులు పెట్టారు. మన పొరుగూరు ఎడిసన్‌లోని మెన్లో పార్కులోనేమో 1877లో ఫోనోగ్రాఫ్ పుట్టింది. శబ్దాల సంగతిలో మనం ఉంటున్న చోటు తక్కువదేం కాదు.

మా ఓటు దేనికంటారా? గమకాలే ముఖ్యమనుకుంటే చవకలో దొరికే ఎపిఫోన్ పొట్టి గిటారుకు. పొట్టి తీగ, కదలని బ్రిడ్జి, గుర్రు లేని పికప్ మూడూ కలిసొస్తాయి. ఒకటే చిక్కు, అసలు లెస్‌పాల్ ఆకారం నాలుగు కిలోలు దాటుతుంది. పొద్దంతా కుర్చీలో కూర్చున్న నడుముకు అది భారమే. అదే కంపెనీ ఎస్‌జీ ఆకారం తేలిక, తీగ పొడవు అంతే. 'హ్యాపీడేస్' పాటల్లాంటివి, కార్డులు పట్టుకుని అందరూ కలిసి పాడుకునేవి మీకిష్టమైతే స్క్వయరో పసిఫికానో చాలు. వెయ్యి డాలర్లు పెట్టడం మాత్రం మొదటి ఏడాదిలో అనవసరం.

కిలోల లెక్క

తీగల లావును అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతారు. షాపులో "నైన్స్", "టెన్స్" అంటే సన్న తీగ లావు తొమ్మిదా పదా అని. సెట్టు మీద 9-42, 10-46 అని ఉంటుంది. ఫెండర్ వాళ్లు స్ట్రాటోక్యాస్టర్లకు మామూలుగా తొమ్మిది కడతారు, గిబ్సన్ వాళ్లు పది.

పొడవు గిటారు మీద మామూలు శ్రుతిలో పదో నంబరు మొదటి తీగ సుమారు 7.3 కిలోల బిగువుతో ఉంటుంది. తొమ్మిదో నంబరుకు మారితే 5.9 కిలోలు. అదే తొమ్మిదిని పొట్టి గిటారుకు కడితే 5.6. అక్కడ ఆగకుండా ఆరు తీగల శ్రుతినీ ఒక మెట్టు దించితే 5 కిలోలకు వస్తుంది. అంటే బిగువులో దాదాపు మూడో వంతు పోయింది. ఆరు తీగలూ కలిపి చూస్తే, పొడవు గిటారు మీద పది సెట్టు 47 కిలోల దాకా మెడను లాగుతుంది, తొమ్మిది సెట్టు 39 కంటే తక్కువే. వేళ్లు ఎందుకు మండాయో ఇప్పుడు అర్థమైంది కదా.

ఒక మెట్టు దించితే తప్పవుతుందేమోనని భయపడకండి. జిమి హెండ్రిక్స్ చాలా పాటలు అలా దించే వాయించాడు. అసలు మనకు షడ్జమం ఎక్కడ పెట్టుకుంటే అక్కడే.

సన్న తీగలు మొదటినుంచీ అమెరికాలో దొరికేవి కావు. 1960ల మొదట్లో సెట్టు కొంటే మూడో తీగ కూడా చుట్టుతీగే వచ్చేది, లాగితే కదిలేది కాదు. ఆటగాళ్లు లావు తీగను పారేసి, మొదటి తీగ స్థానంలో బాంజో తీగ కట్టుకుని తంటాలు పడేవాళ్లు. కాలిఫోర్నియాలో చిన్న గిటారు షాపు నడుపుతున్న ఎర్నీ బాల్ ఇది గమనించి 1962లో సన్న తీగల సెట్లు సొంతంగా అమ్మడం మొదలుపెట్టాడు. మూడో తీగ సాదాగా ఉండాలన్నది ఇప్పటికీ మొదటి సూత్రం. జాజ్ కోసమని చుట్టిన మూడో తీగతో సెట్లు ఇంకా వస్తున్నాయి, ప్యాకెట్టు వెనక చదివి కొనండి.

మరీ ఎనిమిదికి దిగిపోదామా? తొందర వద్దు. ఎనిమిది మీద గట్టిగా మీటితే స్వరం పైకి ఎగిరిపోతుంది. చెయ్యి మెత్తబడ్డాక ప్రయత్నించండి.

లోహం గురించి పెద్దగా బుర్ర పాడు చేసుకోనక్కర్లేదు. నికెల్ పూత పూసిన ఉక్కు తీగలు మామూలు. స్టీలు తీగలు గలగలమంటాయి, స్వచ్ఛమైన నికెల్ కాస్త మెత్తన. ఇక్కడ ఎక్కువగా దొరికే డడారియో తీగలు పక్కనే లాంగ్ ఐలాండ్‌లోని ఫార్మింగ్‌డేల్ కంపెనీవి. పైన సన్నటి పొర ఉండే ఎలిక్సిర్ తీగలు రెట్టింపు ధర, కానీ తుప్పు పట్టక ఎక్కువకాలం వస్తాయి. చలి కోట్లకు వాడే గోర్‌టెక్స్ బట్ట చేసే కంపెనీ సరుకే అది. వారానికోసారి వాయించేవాళ్లకు అవే లాభం. ఏ తీగైనా సరే, పులిహోర తిన్న చేత్తో ముట్టుకోకండి. సబ్బుతో కడుక్కుని మొదలెట్టి, అయ్యాక పొడిబట్టతో తుడిస్తే తీగ ఆయుష్షు పెరుగుతుంది.

తీగ మారిస్తే చాలదు

లావు తీగ తీసి సన్నది కడితే మెడ మీద లాగుడు తగ్గి, మెడ వెనక్కి వంగుతుంది. అప్పుడు తీగలు మెట్లకు తగిలి బరబరమంటాయి. మెడ లోపలి ఇనుప కడ్డీని కాస్త వదులు చేయాలి, ఒకసారికి పావు చుట్టు మించకుండా. తర్వాత పన్నెండో మెట్టు దగ్గర నొక్కి మీటిన స్వరం, నొక్కకుండా అక్కడే వేలు ఆనించి మీటిన స్వరం ఒకటిగా ఉన్నాయా అని ట్యూనర్‌తో చూసుకోవాలి. లేకపోతే బ్రిడ్జి మీది మర తిప్పి సరిచేయాలి. షాపులో ఈ పనికి అడిగే డబ్బు చవక గిటారు ధరలో మూడో వంతు దాకా ఉండొచ్చు. ఒకసారి దగ్గరుండి చూసి నేర్చుకుంటే జన్మకంతా పనికొస్తుంది.

న్యూజెర్సీ చలికాలం ఇంకో శత్రువు. హీటరు ఆన్ చేస్తే గదిలో తేమ పడిపోతుంది. చెక్క కుంచించుకుపోయి మెట్ల కొసలు బయటికి పొడుచుకొస్తాయి, చెయ్యి గీసుకుంటుంది. తేమ నలభై, యాభై శాతం మధ్య ఉంటే మంచిది. గిటారును హీటరు పక్కన నిలబెట్టకండి, పెట్టెలో పెట్టి మూయండి.

చేత్తో పట్టి చూసి కొనడం ఈమధ్య కష్టమైంది. 1924లో మొదలై ఎడిసన్‌లోనూ షాపు నడిపిన శామ్ యాష్ సంస్థ సరిగ్గా వందేళ్లకు, 2024లో, దుకాణాలన్నీ మూసేసింది. మిగిలిన షాపులో గానీ, వాడిన గిటారు అమ్మేవాళ్ల ఇంట్లో గానీ ఒక పరీక్ష చేయండి. మూడో తీగను ఏడో మెట్టు దగ్గర మీటి, తొమ్మిదో మెట్టు స్వరం వినిపించేదాకా పక్కకు లాగండి. తర్వాత మొదటి తీగను పదిహేనో మెట్టు దగ్గర అలాగే లాగండి. గొంతు పట్టేయకుండా పలికితే బేరం ఆడండి. పట్టేస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. అంత లాగలేకపోతే తీగల లావు అడగండి, పది అయితే తొమ్మిది కట్టుకోవచ్చు.

ఆంప్లిఫయర్ విషయంలో ఒకటి గుర్తుంచుకోవాలి. గోడ అవతల పొరుగువాళ్లుంటారు కాబట్టి హెడ్‌ఫోన్ పెట్టుకునేందుకు వీలున్న చిన్నది చాలు. అయితే ఇక్కడి ఆంప్లిఫయర్లు చాలావరకు 120 వోల్టులవి. వీసా సంగతి ఎటు తిరుగుతుందో తెలియని మనవాళ్లు తిరుగుప్రయాణంలో వాటిని తీసుకెళ్లి విజయవాడలో 230 వోల్టుల ప్లగ్గులో పెడితే పొగ వస్తుంది. యూఎస్‌బీతో చార్జ్ అయ్యేది గానీ, అడాప్టర్ మీద 100-240 అని రాసి ఉన్నది గానీ కొనండి. గిటారుకు మాత్రం ఏ వోల్టేజీ గొడవా లేదు. విమానంలో పంపేటప్పుడు తీగలు రెండు మూడు మెట్లు వదులు చేసి, మెడ కింద బట్ట పెట్టి, గట్టి పెట్టెలో సర్దండి. సందులో తొమ్మిది నంబరు సెట్లు ఒక నాలుగు పెట్టుకోండి.