రెండు భాషలు - మెదడుకు రక్షణ

మానవుని మెదడు బరువు సుమారు 1.4 కిలోగ్రాములు మాత్రమే. కాని మనిషి పేరు, ఊరు, బంధుత్వాలు, విద్య, భాష అన్నీ దానిలోనే నిక్షిప్తమై ఉంటాయి. వయస్సు పైబడినకొద్దీ దాని వేగం కొంత మందగిస్తుంది. తాళంచెవి ఎక్కడ పెట్టారో మరచి, కాసేపటికి జ్ఞప్తికి తెచ్చుకోవడం వార్ధక్యంలో సహజం. తాళంచెవి దేనికి ఉపయోగపడుతుందో మరచిపోవడం మాత్రం వ్యాధి లక్షణం. జ్ఞాపకం, ఆలోచన, వాక్కు క్రమంగా సన్నగిల్లే ఈ స్థితిని చిత్తవైకల్యం అంటారు. దీనికి ప్రధాన కారణం అల్జీమర్స్ వ్యాధి.

1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ ఈ వ్యాధిని తొలిసారి వివరించాడు. ఇందులో నాడీకణాల వెలుపల అమైలాయిడ్ అనే ప్రోటీను గారవలె పేరుకొంటుంది. కణాల లోపల టావ్ అనే మరొక ప్రోటీను నూలు చిక్కువలె ముడులు పడుతుంది. కొత్త జ్ఞాపకాలను భద్రపరచే హిప్పోకాంపస్ తొలిదశలోనే దెబ్బతింటుంది. అందుకే రోగి బాల్యపు ముచ్చట్లు చెప్పగలిగినా, ఉదయం భోజనం చేసిన సంగతి మరచిపోతాడు. చివరకు కన్నబిడ్డలనే గుర్తించలేని స్థితి ఏర్పడుతుంది.

అయితే మెదడులో మార్పులు ఒకే విధంగా ఉన్నా కొందరిలో లక్షణాలు ఆలస్యంగా బయటపడతాయి. నిండిన చెరువు కరువును కొంతకాలం తట్టుకొన్నట్లు, జీవితమంతా శ్రమించిన మెదడు నష్టాన్ని కొంతకాలం భరించగలదు. దీనిని శాస్త్రజ్ఞులు 'జ్ఞాన నిల్వ' అంటారు. రెండు భాషలు మాట్లాడడం ఈ నిల్వను పెంచుతుందా అన్న ప్రశ్నకు కెనడాలో 2007లో వెలువడిన పరిశోధన అవునని సూచించింది. కాని అక్కడి ద్విభాషీయులలో అధికులు వలస వచ్చినవారు. కాబట్టి ఆ ప్రయోజనం భాషదా, వలస జీవితానిదా అన్న సందేహం మిగిలింది.

ఆ సందేహానికి సమాధానం హైదరాబాదులో లభించింది. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో నాడీవైద్యురాలు డాక్టర్ సువర్ణ అల్లాడి తన సహచరులతో కలిసి 648 మంది చిత్తవైకల్య రోగులను పరిశీలించారు. వారిలో 391 మంది రెండు లేదా అంతకంటె ఎక్కువ భాషలు తెలిసినవారు. ఒకే భాష తెలిసినవారిలో వ్యాధి సగటున 61.1 సంవత్సరాల వయస్సులో ఆరంభం కాగా, ద్విభాషీయులలో 65.6 సంవత్సరాలకు ఆరంభమైంది. అనగా వ్యాధి 4.5 సంవత్సరాలు వెనుకకు జరిగింది. నిరక్షరాస్యులలో ఈ వ్యత్యాసం 6 సంవత్సరాలు. దీనితో ఈ మేలు చదువు వలన మాత్రమే కలిగినది కాదని తేలింది. ఈ ఫలితాలు 2013లో 'న్యూరాలజీ' పత్రికలో వెలువడ్డాయి.

రెండు భాషలు తెలిసినవాడు ఒకదానిని పలికేటప్పుడు రెండవదానిని అదుపులో ఉంచాలి. ఎదుటివారిని బట్టి క్షణంలో భాష మార్చుకోవాలి. ఈ నిరంతర సాధన ఏకాగ్రతకు సంబంధించిన మెదడు భాగాలను బలపరుస్తుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఈ పరిశోధన హైదరాబాదు ఆసుపత్రికి వచ్చిన రోగులపై జరిగినదే అయినా, దాని భావం పల్లెలకూ వర్తిస్తుంది. మహబూబాబాద్ తండాలలో ఇంట లంబాడీ, అంగడిలో తెలుగు వినిపిస్తాయి. భూపాలపల్లి బొగ్గుగనుల పట్టణంలో, జనగామ బజారులో తెలుగు పక్కనే ఉర్దూ పలుకుతుంది. బడిలో అడుగుపెట్టని తండా వృద్ధురాలు సైతం రోజూ రెండు భాషల నడుమ రాకపోకలు సాగిస్తూనే ఉంటుంది. బడికి వెళ్ళే మనుమలు ఇంటిభాషను నామోషీగా భావించి విడిచిపెడితే, అవ్వకున్న ఆ సంపద వారికి దక్కదు.

ద్విభాషా పరిజ్ఞానం వ్యాధిని నివారించదు. ఆలస్యం చేయగలదని మాత్రమే ఈ పరిశోధన సూచిస్తుంది. తరువాతి అధ్యయనాలన్నీ ఒకే ఫలితాన్ని ఇవ్వలేదు. వ్యాధిని పూర్తిగా నయం చేసే ఔషధం ఇంకా లేదు. రక్తపోటు, మధుమేహం అదుపు, వినికిడి లోపానికి చికిత్స, వ్యాయామం, నలుగురితో కలిసి మెలగడం వంటివి ముప్పును తగ్గిస్తాయని 2024లో లాన్సెట్ నిపుణుల సంఘం పేర్కొన్నది. అయినా నాలుగైదు సంవత్సరాల ఆలస్యం స్వల్పమైనది కాదు. తల్లి తన బిడ్డలను పేరుపెట్టి పిలువగలిగే కాలం అది.