సిగ్నల్ గీతలు... గమ్మత్తు లెక్కలు!

మీకు తెలుసా? రాష్ట్రం రెండై పదేళ్లు దాటినా మొబైల్ లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకటే టెలికాం సర్కిల్! ఉద్యోగుల్ని పంచుకున్నాం, భవనాల్ని పంచుకున్నాం, నీళ్ల కోసం ఇంకా కొట్లాడుకుంటున్నాం. టవర్లకు మాత్రం విడిపోయిన కబురే అందలేదు.

వింత మన ఒక్కరిదే కాదండోయ్. గోవా బీచ్‌లో ఉన్నా మీ ఫోన్ దృష్టిలో మీరు మహారాష్ట్ర సర్కిల్‌లో ఉన్నట్టే. ఉత్తరాఖండ్ మొత్తం యూపీ వెస్ట్‌లో ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని నోయిడానేమో ఢిల్లీ సర్కిల్‌లో ఉంది!

మీకు తెలుసా? ఫోన్‌లో ఎన్ని గీతలు చూపించాలన్నదానికి అన్ని కంపెనీలకూ కలిపి ఒక కొలమానమంటూ లేదు. ఒకే అరుగు మీద కూర్చున్నా మీకు నాలుగు గీతలు, మీ బావగారికి రెండు! ఎవరి ఫోన్ లెక్క వారిది. గొడవ పడకండి.

సిగ్నల్ బలం అసలు లెక్క డీబీఎం అనే కొలతలో ఉంటుంది, అదీ మైనస్‌లో. మైనస్ 70 అయితే భేష్, మైనస్ 110 అయితే హలో హలో. తేడా నలభయ్యేనా అనుకునేరు, అక్షరాలా 10,000 రెట్లు! ఇక మైనస్ 100 అంటే ఒక వాట్‌లో పది లక్షల కోట్ల వంతు. ఆ కాస్త దాంతోనే క్రికెట్ స్కోరు వచ్చేస్తోంది. నమ్మబుద్ధి కావట్లేదు కదూ?

మీరే చూసుకోవచ్చు. చాలా శాంసంగ్ ఫోన్లలో *#0011#, ఐఫోన్‌లో *3001#12345#* నొక్కితే ఆ అంకె బయటపడుతుంది. పైసా ఖర్చు లేదు.

మీకు తెలుసా? మామూలు 2జీ టవర్ ఎంత ఎత్తున్నా, మధ్యలో అడ్డేమీ లేకపోయినా దాని హద్దు 35 కిలోమీటర్లే! సిగ్నల్ రాకపోకల సమయానికి అందులో కేటాయించిన గడువు అంత దూరానికే సరిపోతుంది. 36వ కిలోమీటరులో ఉన్నవాళ్లు ఉత్తరం రాసుకోవాల్సిందే.

మన దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న వెళ్లింది. కలకత్తా నుంచి చేసింది అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో ఎత్తింది అప్పటి కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్. అప్పట్లో ఎత్తినవాళ్లకూ బిల్లు పడేది! రాంగ్ నంబరు వస్తే జేబుకు చిల్లే. 2003 మే 1 నుంచి గానీ ఇన్‌కమింగ్ ఉచితం కాలేదు.

2022 అక్టోబరు 1న ఎయిర్‌టెల్ 5జీ మొదలుపెట్టిన తొలి 8 నగరాల్లో హైదరాబాద్ ఉంది. అదే ఏడాది డిసెంబరు 26న జియో 5జీ విశాఖ, విజయవాడ, గుంటూరుతో పాటు ఎక్కడికొచ్చిందో చెప్పుకోండి? తిరుమలకు! సర్వదర్శనం క్యూ మాత్రం ఇంకా 2జీ వేగంతోనే కదులుతోంది, గోవిందా!

దేశంలో తొలి 4జీ ఎయిర్‌టెల్‌ది, 2012లో. బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీకి ప్రారంభోత్సవం 2025 సెప్టెంబరు 27న జరిగింది. పదమూడేళ్ల తేడా! ఆలస్యమైతేనేం, సరంజామా సొంతం.

చంద్రుడి మీద కూడా 4జీ పెట్టబోయారు, తెలుసా? 2025 మార్చిలో నోకియా పరికరాన్ని మోసుకెళ్లిన అథీనా ల్యాండర్ పక్కకు ఒరిగిపోయింది. పరికరానికి దాదాపు 25 నిమిషాలే కరెంటు అందింది, కాల్ మాత్రం కలవలేదు. చందమామ కవరేజ్ ఏరియాలో లేడు!

చివరిది. ఏ ఊళ్లో 2జీ ఉందో, ఎక్కడ 5జీ ఉందో కంపెనీలు తమ వెబ్‌సైట్లలో మ్యాపు పెట్టి తీరాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 నిబంధనల్లో రాసింది. సిమ్ పోర్టు పెట్టేముందు ఆ మ్యాపులో మీ ఊరి మీద వేలు పెట్టి చూడండి. అక్కడ రంగుండి, మీ ఫోన్‌లో సిగ్నల్ లేకపోతే కంపెనీని నిలదీయండి.